ఎత్తో అంటే వంద గ్రాములు

రోమ్‌లో మొదటి రాత్రి మా ఐదుగురి భోజనానికి 149 యూరోల 50 సెంట్లు అయ్యింది. అప్పటి లెక్కలో పదమూడు వేల రూపాయల పైమాట. డబ్బు పోయిన బాధ రెండు రోజుల్లో తగ్గింది. కానీ ఆ బల్ల దగ్గర అమ్మ రొట్టె ముక్క తుంచుకుంటూ, "నాకు ఆకలిగా లేదు నాన్నా, విమానంలో తిన్నదే ఇంకా అరగలేదు" అన్న మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. విమానంలో అమ్మ ఏమీ తినలేదు. పక్క సీట్లో కూర్చున్న నాకు ఆ సంగతి తెలుసు.

పిల్లల సెలవులు, పెద్దవాళ్ల ఓపిక, ఆఫీసు లీవు, వీసా అన్నీ కుదిరి కుటుంబమంతా యూరప్ వెళ్లాలంటే ఏళ్లు పడుతుంది. అలా కుదిరిన ప్రయాణంలో ఐదు రోజులు రోమ్‌లో ఉన్నాం. నా వాళ్లకు సరిగ్గా తిండి పెట్టడం నాలుగో రోజుకి గానీ నాకు చేతకాలేదు. ఎక్కడ పొరపాటు పడ్డానో ఉన్నదున్నట్టు చెబితే ఇంకొకరి పిల్లలు, ఇంకొకరి అమ్మ ఆకలితో గదికి చేరకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

మేము వెళ్లింది మే నెలలో. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల అమ్మ. కొలోసియం టికెట్లు, వాటికన్ మ్యూజియం టికెట్లు, రైళ్లు, గది అన్నీ మూడు నెలల ముందే బుక్ చేశాను. తిండి గురించి ఒక్క గంట కూడా కూర్చుని ఆలోచించలేదు. పిజ్జా, పాస్తా దొరికే దేశంలో పిల్లలకు లోటేమిటి, చీజ్ తినే దేశంలో అమ్మకు లోటేమిటి అనుకున్నాను.

అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. పులసలు వచ్చే రోజుల్లో మా ఇంట్లో పండగ వాతావరణం ఉండేది. నాన్న పోయాక అస్థికలు కలపడానికి కాశీ వెళ్లాం. కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలి రావాలంటారు కదా. చాలామంది ఏదో కాయో పండో వదులుతారు. అమ్మ నీచు మొత్తం వదిలేసింది. నాన్నకూ తనకూ అన్నిటికన్నా ఇష్టమైనది చేపల పులుసు. తొమ్మిదేళ్లుగా ఇంట్లో మాకు వండి పెడుతూనే, తను మాత్రం ఆ గిన్నె వైపు చూడదు.

ఆ మొదటి రాత్రి ఏడు గంటలకు ఒక పెద్ద చౌకులో నిలబడ్డాం. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ బయట వేసిన బల్లలు. బొమ్మల మెనూ పట్టుకుని ఒకాయన ఎదురొచ్చి "ఫ్యామిలీ! వెల్కమ్ ఫ్యామిలీ!" అన్నాడు. మన ఊళ్లలో 'ఫ్యామిలీ రెస్టారెంట్' అన్న బోర్డు చూసుకుని లోపలికి వెళ్లే అలవాటు. ఆ ఒక్క మాటకే నాకు ధైర్యం వచ్చేసింది. కూర్చున్నాం.

మెనూలో చేప పేరు ఎదురుగా 8 అని ఉంది. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఒక మాట. అమ్మాయి దాని మీద వేలు పెట్టి, "నాన్నా, ఇక్కడేదో రాశారు. అదేంటో అడగనా?" అంది. "అక్కర్లేదు, కూర్చో" అన్నాను. వెయిటర్ పచ్చి చేపను పళ్లెంలో తెచ్చి చూపించాడు. అచ్చం మన పండుగప్పలా నిగనిగలాడుతోంది. మా ఆవిడ ముఖం వెలిగింది. ఎనిమిది యూరోలకే ఇంత చేప ఇస్తారా అని నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని మింగేసి తలూపాను.

చేప 900 గ్రాములు తూగింది. చిన్న అక్షరాల్లో ఉన్న మాట 'ఎత్తో'. ఇటలీలో ఎత్తో అంటే వంద గ్రాములు. చేపకు మెనూలో రాసిన ధర చాలాచోట్ల ఈ ఎత్తో లెక్కనే ఉంటుంది. తొమ్మిది ఎనిమిదులు డెబ్భై రెండు యూరోలు చేపకే అయ్యాయి. రెండు పాస్తాలు 28, పిల్లల పిజ్జా 13, అమ్మ కోసం చెప్పిన టమాటా, మొజరెల్లా ముక్కలు 14, రెండు సీసాల నీళ్లు 10, మేము అడక్కుండానే బల్ల మీదికి వచ్చిన రొట్టె మనిషికి రెండున్నర చొప్పున 12.50. చల్లగా, చప్పగా ఉన్న ఆ చీజ్ ముద్ద అమ్మకు గొంతు దిగలేదు. రొట్టె మాత్రమే తింది.

గదికి వచ్చాక "మోసం చేశారు" అని గట్టిగా అన్నాను. మా ఆవిడ బిల్లు మడత విప్పి చూసి, "రాసే ఉంది కదండీ. మనమే చదవలేదు" అంది. కోపం వచ్చింది గానీ ఆ మాట నిజం. తర్వాత తెలుసుకున్నాను. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006 చట్టం ప్రకారం 'కొపెర్తో' పేరుతో బల్ల రుసుము తీసుకోకూడదు. రొట్టెకు మాత్రం తీసుకోవచ్చు. దాని ధర మెనూలో కింద ఎక్కడో రాసి ఉంటుంది. వద్దనుకుంటే బుట్ట వచ్చినప్పుడే వద్దని చెప్పాలి.

రెండో రోజు ఇంకో రకం పొరపాటు. కొలోసియం, పక్కనే ఉన్న ఫోరమ్ శిథిలాలు చూసి బయటికి వచ్చేసరికి నాలుగైంది. పొద్దున తెచ్చుకున్న బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. చౌకుల్లో తినకూడదని ముందు రాత్రే నిర్ణయించుకున్నాను కాబట్టి సందుల్లోకి నడిపించాను. ఒక త్రత్తోరియా తలుపు మూసి ఉంది. త్రత్తోరియా అంటే ఇంటి తరహా వంట పెట్టే చిన్న భోజనశాల. ఇంకొకటి చూస్తే అదీ మూసే ఉంది. మూడో దాంట్లో కుర్చీలు బల్లల మీదికెక్కించి నేల తుడుస్తున్నారు. అబ్బాయి పేవ్‌మెంట్ అంచున కూర్చుని ఇక నడవనని ఏడవడం మొదలుపెట్టాడు.

తెరిచి ఉన్నవి ఆ దారిలో మూడు కనిపించాయి. మూడింటి మీదా 'బార్' అని పెద్ద అక్షరాలు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పిల్లల్ని తీసుకుని బార్లోకేంటి నాన్నా" అంది. నాకూ అదే అనిపించింది. మూడూ దాటేశాం. చివరికి ఒక కిరాణా కొట్లో అరటిపళ్లు, చిప్స్ కొని మెట్ల మీద కూర్చుని తిన్నాం. అమ్మ తన అరటిపండులో సగం అబ్బాయికి పెట్టింది.

ఆ సాయంత్రం మా గది ఉన్న ఎస్క్విలీనో పేటలో నీళ్ల సీసాలు కొనడానికి ఒక బంగ్లాదేశీ దుకాణంలోకి వెళ్లాను. ఆ చుట్టుపక్కల వాళ్ల దుకాణాలు చాలా ఉన్నాయి. వచ్చిన హిందీలో మా అవస్థ చెప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విని చెప్పాడు. ఈ ఊళ్లో మధ్యాహ్నం భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర, మూడు దాకా. ఆ తర్వాత పొయ్యి ఆర్పేస్తారు. మళ్లీ ఏడున్నరకే. మధ్యలో ఆకలేస్తే ముక్కల లెక్కన పిజ్జా అమ్మే కొట్టుకి గానీ, బార్‌కి గానీ వెళ్లాలి. "బార్ అంటే కాఫీ కొట్టు భాయ్. పొద్దున్నే పిల్లలు బడికి వెళ్తూ పాలు తాగేది అక్కడే" అన్నాడు.

మర్నాడు పొద్దున భయపడుతూనే గది కింద ఉన్న బార్‌లో అడుగుపెట్టాం. గాజు అరలో కొర్నెత్తోలు ఉన్నాయి. అవి మన బేకరీ పఫ్ లాగా పొరలు పొరలుగా ఉండే తియ్యటి రొట్టెలు. అప్పటికప్పుడు పిండిన నారింజ రసం, వేడి పాలు, కూరగాయలు పెట్టిన శాండ్‌విచ్‌లు కూడా ఉన్నాయి. యూనిఫాంలో ఉన్న ఇద్దరు పిల్లలు వాళ్ల తాతతో కలిసి కౌంటర్ దగ్గర నిలబడి తింటున్నారు. అలా నిలబడి తింటే ఒక ధర. కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ. చాలా బార్లలో ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి, ఆ చీటీ కౌంటర్ మీద పెట్టి అడగాలి. అమ్మ కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. మొదటి రోజు నుంచీ మా గది కిందే ఉంది ఆ బార్. బోర్డు మీదున్న ఒక్క మాటకు మన ఊరి అర్థం చెప్పుకుని రెండు రోజులు దాన్ని దాటుకుంటూ పోయాం.

అప్పటికైనా నేను నేర్చుకుని ఉండాల్సింది. మూడో రోజు రాత్రి చేసిన దానికి ముందు రెండూ సరితూగవు.

టైబర్ నది అవతల త్రస్తెవెరె అనే పాత పేట ఉంది. అక్కడ కట్టెల పొయ్యి మీద కాల్చే పిజ్జా కోసం వెళ్లాం. ధరలన్నీ చదివాను, ఎత్తో ఎక్కడా లేదని చూసుకున్నాను. రోమ్‌లో పిజ్జాకు ముందు వేపుళ్లు తెప్పించుకుంటారు. ఆ వరసలో గుమ్మడి జాతి పువ్వులు పిండిలో ముంచి వేయించినవి ఉన్నాయి. పక్క బల్ల మీద చూశాను, బంగారు రంగులో పొంగి ఉన్నాయి. మా ఊళ్లో అమ్మ చేసే గుమ్మడిపువ్వు బజ్జీలు గుర్తొచ్చాయి. అమ్మకు చెప్పకుండా తెప్పించాను. పళ్లెం రాగానే నేనే ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఏముంటుందిరా ఇందులో?" అంది. "పువ్వేగా అమ్మా" అన్నాను.

సగం కొరికింది. నమలడం ఆపేసింది. మిగతా సగాన్ని దీపం వెలుగులో పట్టుకుని చూసింది. కరిగిన చీజ్ తీగల మధ్యలో వేలి గోరంత వెడల్పున, గోధుమ రంగులో, అంచున వెండిలా మెరుస్తూ ఒక ముక్క. గోదావరి జిల్లా మనిషికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఉప్పులో నిలవ చేసిన చిన్న చేప. ఇటలీలో దాన్ని అలీచి అంటారు. రోమ్‌లో ఈ పువ్వుల్లో మొజరెల్లాతో పాటు అలీచి కూరడమే ఆనవాయితీ. అడిగితే ఏ వెయిటరైనా చెప్పేవాడు.

అమ్మ కాగితం రుమాలు అడ్డం పెట్టుకుని నోట్లోది తీసేసింది. ఒక్క మాట అనకుండా లేచి బయటికి నడిచింది. వెనకే వెళ్లాను. వీధి మలుపులో ఎప్పుడూ నీళ్లు పారే ఇనుప స్తంభం ఉంది. దాని వంపు తిరిగిన గొట్టాన్ని చూసి రోమ్ వాళ్లు 'నసోనె', అంటే పెద్ద ముక్కు, అంటారు. 1874 నుంచి పెడుతూ వచ్చిన ఇలాంటివి ఊళ్లో దాదాపు 2,500 ఉన్నాయి. చల్లటి మంచినీళ్లు, ఎవరికైనా ఉచితం. మొదటి రాత్రి పది యూరోలు పెట్టి నీళ్లు కొన్నవాణ్ణి నేను. అమ్మ దోసిలి పట్టి నోరు పుక్కిలించింది. మళ్లీ పట్టింది, మళ్లీ పుక్కిలించింది. ఎన్నిసార్లో లెక్క లేదు. ఈలోగా అబ్బాయి పరిగెత్తుకొచ్చి గొట్టం మూతిని వేలితో మూశాడు. మీదున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్మాయి. అవి తాగడానికే పెట్టిన రంధ్రం. నానమ్మ కోసం వాడు వేలు తీయకుండా అలాగే పట్టుకున్నాడు. అమ్మ వంగి ఆ ధార తాగింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. తల తుడుచుకుంటూ నెమ్మదిగా అంది: "అడక్కుండా పెట్టింది నువ్వు. అడక్కుండా తిన్నది నేను. ఇద్దరిదీ ఉంది." ఆ రాత్రి ఏమీ తినలేదు. గదిలో దీపం ఆర్పాక చాలాసేపు మంచం మీద కూర్చునే ఉంది.

నిద్ర పట్టక నన్ను నేను నిలదీసుకున్నాను. కాకినాడలో టిఫిన్ హోటల్లో కూర్చుంటే పెసరట్టు పిండి ఎప్పటిదో, అల్లం పచ్చడి ఈ పూటదేనా కాదా అని నాలుగు ప్రశ్నలు వేసే మనిషిని నేను. అలాంటివాణ్ణి ఇక్కడ మూగవాణ్ణి ఎందుకయ్యాను? భాష రాకపోవడం కారణం కాదు. వెయిటర్లలో చాలామందికి ఇంగ్లీషు వచ్చు. బంగ్లాదేశీ దుకాణదారుతో నాకు సరిగ్గా రాని హిందీలోనే మాట్లాడాను కదా. తెలియనివాడిలా కనబడకూడదన్న పట్టుదలే కారణం. బయటి దేశంలో నా భార్యాపిల్లల ముందు, అమ్మ ముందు అన్నీ తెలిసినవాడిలా ఉండాలనుకున్నాను. చేప ధర, బోర్డు అర్థం, పువ్వు లోపలి ముక్క, మూడింటి దగ్గరా ఒక్క ప్రశ్న చాలేది. అందులో మొదటి ప్రశ్న మా అమ్మాయి నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని నేనే నొక్కేశాను.

తెల్లారాక అమ్మాయిని పిలిచి, "ఇవాళ్టి నుంచి నువ్వు అడుగు. తెలిసేదాకా అడుగు" అన్నాను. అది తన నోటు పుస్తకంలోంచి కాగితం చింపి, ఫోన్లో చూసి, నానమ్మ కోసం తెలుగు అక్షరాల్లో రాసింది: "సెంత్సా కార్నె, సెంత్సా పెషె." అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని. కింద ఇంకో మాట విడిగా రాసింది: "అలీచి."

నాలుగో రోజు తెస్తాచ్చో పేట మార్కెట్‌కి వెళ్లాం. ఒకప్పుడు ఊరి కబేళా ఉన్న పేట అది. ఆ కబేళా 1975 దాకా నడిచింది. ఇప్పుడు మార్కెట్లో కూరగాయల అంగళ్ల మధ్యనే తినే కొట్లు ఉన్నాయి. లోపలికి వెళ్లగానే ఒక ముసలావిడ కనిపించింది. పచ్చి బీన్స్ రాశి ముందు నిలబడి ఒక కాయ తీసుకుని పటుక్కున విరిచింది. గింజ చూసింది. అమ్మేవాణ్ణి ఏదో అడిగింది. అతను చెప్పాడు. నమ్మకుండా ఇంకోటి విరిచింది. మా రైతు బజార్లో బెండకాయ కొన విరిచి చూసే అమ్మ ఆవిణ్ణి చూసి మూడు రోజుల తర్వాత మొదటిసారి మనసారా నవ్వింది. "చూశావా, వాళ్ల ఊళ్లో వాళ్లే ఎన్ని అడుగుతున్నారో" అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

ముక్కల పిజ్జా కొట్టు దగ్గర అమ్మాయి ముందుకెళ్లి ఎత్తో ఎంత అని అడిగింది. రెండు యూరోలన్నాడు. పొడుగాటి రేకు పళ్లేల్లో పలకల్లాంటి పిజ్జాలు. టమాటా మాత్రమే రాసినది ఒకటి, బంగాళాదుంప ముక్కలు పరిచినది ఒకటి, పుట్టగొడుగులది ఒకటి. అతను కత్తిని పిజ్జా మీద అడ్డంగా ఆనించి మా వైపు చూశాడు. ఇంత చాలా అని అర్థం. అమ్మాయి చేత్తో ఇంకాస్త అంది. కత్తి అంగుళం జరిగింది. చాలంది. కత్తెరతో కత్తిరించి, తూచి, కాగితంలో పెట్టి ఇచ్చాడు. అమ్మ ముక్క కోయించే ముందు అమ్మాయి చీటీ తీసి చదివింది. అతను విని, టమాటా పలక వైపు చూపించి తలూపాడు. ఐదుగురికీ కలిపి కిలోంబావు, 25 యూరోలు. మొదటి రాత్రి మమ్మల్ని దెబ్బకొట్టిన ఎత్తోతోనే ఆ పూట అందరి కడుపూ నిండింది.

డబ్బులిస్తూ అమ్మాయి అతన్ని అడిగిన ప్రశ్న నాకెప్పటికీ తట్టేది కాదు. మంచి హోటల్ ఏది అని అడగలేదు. "మీరు మీ అమ్మను తీసుకుని రాత్రి భోజనానికి ఎక్కడికెళ్తారు?" అంది. అతను ఒక్క నిమిషం ఆలోచించి, కాగితం మీద రెండు సందులు గీసి ఇచ్చాడు. ఏ ఊరు వెళ్లినా ఈ ప్రశ్న అడగండి. మంచి హోటల్ అంటే ఊరికి పేరు తెచ్చినదాన్ని చెబుతారు. అమ్మతో ఎక్కడికంటే తాము తినేచోటు చెబుతారు.

ఆ చోటు పన్నెండు బల్లల త్రత్తోరియా. మధ్యాహ్నం మూడులోపే వెళ్లి ఏడున్నరకు ఐదుగురికి చెప్పి వచ్చాం. ఒకావిడ పుస్తకంలో రాసుకుంది. చిన్న చోట్లకు ఇది తప్పనిసరి. వారంలో ఏ రోజు సెలవో కూడా అప్పుడే అడగాలి. ఆగస్టులో వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పదిహేనో తేదీ పండగ చుట్టూ ఇలాంటివి చాలా మూతపడతాయి.

రాత్రి మేము కూర్చున్న కాసేపటికి బల్లలన్నీ నిండాయి. పక్క బల్ల మీద మూడు తరాల వాళ్లు. తొమ్మిదిన్నరకు కూడా పిల్లలు కుర్చీల మధ్య తిరుగుతున్నారు, ఎవరూ విసుక్కోలేదు. 'ఫ్యామిలీ' అన్న మాట తలుపు మీద గానీ మెనూలో గానీ లేదు. మన దగ్గర దానికి విడిగా బోర్డు కావాలి. ఇక్కడ పేటలో ఉన్న ప్రతి చిన్న భోజనశాలకూ కుటుంబాలే వస్తాయి. అబ్బాయికి ఏమీ కలపని పాస్తా కావాలంటే, వెన్న ఒక్కటే వేసి సగం పళ్లెం తెచ్చారు. పిల్లల కోసం అలా అడగడం అక్కడ మామూలే. అమ్మ కోసం చీటీ చదివి వినిపించి రెండు చెప్పాం. ఒకటి టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన పెన్నె పాస్తా. దాన్ని అర్రాబియాతా అంటారు. రెండోది చికోరియా అనే ఆకుకూర, ఉడికించి నూనెలో వెల్లుల్లి, మిరపకాయతో వేయించినది. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "కాస్త చేదుందిరా. కానీ తోటకూర వేపుడు చేసే చెయ్యే ఇది" అంది. రొట్టెతో పళ్లెం తుడుచుకుని తింది. బిల్లు 68 యూరోలు. నా జీవితంలో అంత సంతోషంగా కట్టిన బిల్లు ఇంకోటి లేదు.

చివరి రాత్రి మళ్లీ అక్కడికే వెళ్లాం. పక్క బల్లకు వేయించిన పువ్వులు వచ్చాయి. అమ్మ వాటినే చూస్తోంది. నేను మాట్లాడలేదు. అమ్మాయి లేవబోతే ఆగమని చెయ్యి చూపింది. బల్ల దగ్గరికి వచ్చిన ఆవిడకు ఆ పువ్వులు చూపించి, చీటీ మీద వేలు పెట్టి, తన గోదావరి యాసలో తనే అడిగింది: "సెంత్సా అలీచి?"

ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, తల అడ్డంగా ఊపింది. చేప ముందే కూరి ఉంచామని సైగలతో చెప్పింది. తర్వాత వేలితో చికోరియా పేరు చూపించింది.

అమ్మ ముఖంలో కొంచెం కూడా నిరాశ లేదు. "అడిగితే చెప్పింది చూడు" అంటూ మా వైపు తిరిగింది. చీటీని నాలుగు మడతలు పెట్టి, కాశీ నుంచి తెచ్చుకున్న దారం ఉండే చిన్న పర్సులో దాచుకుంది.